లోపలివాళ్ళ తాళంచెవి

అప్ప పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను చంటిపిల్లల ఫ్రాకులకి చేతులు అతుకుతున్నాను. ఫోను చేసింది సోంపేట దగ్గర పల్లెలో ఉండే ఆమె చెల్లెలు. పొద్దున్నే తలకి పోసుకుని, వాకిట్లో నులకమంచం మీద కూచుని జుట్టు ఆరబెట్టుకుంటూ, ఆనపకాయ పులుసులో బెల్లం వెయ్యాలా అక్కర్లేదా అని చెల్లెలితో వాదులాడుతోందట. ఆ వాదన మధ్యలోనే పక్కకి ఒరిగిపోయిందట.

నేను మొదట అడిగిన మాట, వాకిట్లోనేనా అని. అవునమ్మా, వాకిట్లోనే, ఎండలోనే అందావిడ. మెషిను మీద తల ఆన్చుకుని కాసేపు ఏడ్చాను. కానీ ఏడుపుకంటే ముందు నాకు కలిగింది ఊరట. నాలుగు గోడల మధ్య, తలుపు మూసి ఉండగా ప్రాణం పోతుందేమోనన్నది ఆమెని చిన్నతనం నుంచీ వదలని భయం. మరి దేనికీ ఆమె భయపడగా నేను చూళ్ళేదు.

మా వైపు అక్కని అప్ప అంటాం. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా ఇళ్ళ లైన్లన్నీ శ్రీకాకుళం నుంచి ఓడరేవుకి, డాకు పనికి వచ్చిన కుటుంబాలవే కాబట్టి, అక్కడ పెద్దాచిన్నా అందరికీ ఆమె అప్పే. మెటియాబ్రుజ్‌లో మేమిద్దరం పనిచేసే కుట్టు కార్ఖానాలో బెంగాలీ అమ్మాయిలు అది ఆమె పేరనుకుని, పెద్దావిడ కదాని దాని చివర ‘దీ’ చేర్చి ‘ఆప్పాదీ’ అని పిలిచేవారు. అంటే అక్కక్క. వాళ్ళకి ఆ సంగతి చెప్పబోతే వద్దనేది. రెండుసార్లు పిలిస్తే ఒకసారైనా వినపడుతుందని నవ్వేది.

పొట్టి మనిషి. మగవాళ్ళకుండేటంత వెడల్పు భుజాలు. పుస్తెల తాడుకి ఎప్పుడూ పిన్నీసుల గుత్తి ఒకటి వేలాడుతుండేది. బేరమాడాలంటే బెంగాలీ, తిట్టాలంటే హిందీ, మెషిను మొరాయిస్తే మాత్రం తెలుగు. మెషిన్ని బతిమాలడం తెలుగులోనే కుదురుతుందనేది. ఎక్కడికి వెళ్ళినా ముందు బయటికి తోవ ఎటో చూసుకునేది. పెళ్ళికి వెళ్తే వధూవరుల్ని చూడకముందు హాలు వెనక తలుపు తెరుచుకుంటుందో లేదో తోసి చూసొచ్చేది. సినిమాకి తీసుకెళ్తే చివరి కుర్చీ తప్ప కూచునేది కాదు.

దానికి కారణం వాళ్ళ నాన్న. ఆయన డాకులో ఓడ అడుగున బస్తాలెత్తే కూలీ. ఒకరోజు ఉన్నట్టుండి వాన వచ్చి, గోధుమలు తడిసిపోతాయని పైనున్నవాళ్ళు ఓడ మూత మూసేశారట. కింద మనుషులున్నారా అని ఎవరూ అడగలేదు. వాన వెలిసి మూత తీసేసరికి అందరూ ప్రాణాలతోనే ఉన్నారు గాని, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన తన ఇంటి తలుపు వెయ్యనివ్వలేదు. అప్ప బాల్యమంతా తలుపు తీసిన ఇంట్లోనే గడిచింది. కుక్కలొచ్చి అన్నం గిన్నెలు నాకిపోతుంటే తరమడమే తన మొదటి ఉద్యోగమని చెప్పేది. ఈ కథ నాకెన్నిసార్లు చెప్పిందో. మూత వేసినవాళ్ళ మీద మాత్రం ఎన్నడూ ఒక్క మాట తూలలేదు.

“వాన పడతందని మూసేరు, తప్పేటి నేదు,” అనేది. “మూసీ ముందర అడగాల కదా.”

అడగడం ఆమెకి ఒక జబ్బులా ఉండేది. కింద దుకాణం నుంచి టీ కెటిల్ తెస్తే, ఎవరికి పంచదార కావాలో ఎవరికి వద్దో తనకి కంఠతా వచ్చినా, రోజూ ఒక్కొక్కరినీ అడిగి గాని పోసేది కాదు. నిన్న చెప్పాను కదప్పా అని నేను విసుక్కుంటే, నిన్నటి నోరు వేరు అనేది. ఆటోలో నాలుగో మనిషి ఎక్కబోతే, ముందు కూచున్న ముగ్గురినీ అడిగేది. ఆ అడగడం అయ్యేలోగా ఆ నాలుగో మనిషి వేరే ఆటో ఎక్కేసేవాడు, డ్రైవరు ఆమెని తిట్టుకునేవాడు. అడిగి అడిగి మనిషిని చంపేస్తుందని మా అమ్మ అనేది.

మా కార్ఖానా ఒక సందులో పాత మేడ మూడో అంతస్తు. మెషిన్లు, కటింగ్ బల్లలు, ఇస్త్రీ బల్ల, గుడ్డల తాన్లు, వాటి మధ్య మేము. ఆడా మగా కలిసి ముప్పై మంది దాకా ఉండేవాళ్ళం. యజమానిని అందరం చాచా అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. ఒకప్పుడు తనూ మెషిను తొక్కినవాడే. ఎవరింట్లో చావొచ్చినా పెళ్ళొచ్చినా ముందుండేవాడు. అయితే ఒక వేసవిలో వెల్వెట్ తాన్లు మాయమయ్యాయి. ఎవరు తీశారో ఎన్నటికీ తేలలేదు. దాని తర్వాత చాచా మెట్ల మీది ఇనప గేటుకి పని వేళల్లో బయట నుంచి తాళం వేయించడం మొదలుపెట్టాడు. తాళంచెవి కాపలావాడి దగ్గర, కాపలావాడు కింద టీ దుకాణం దగ్గర. ఎవరికైనా కిందికి వెళ్ళాల్సొస్తే కిటికీలోంచి కేకెయ్యాలి. అతను టీ తాగడం పూర్తిచేసి రావాలి.

మొదటిరోజు తాళం చప్పుడు వినగానే అప్ప మెషిను ఆగిపోయింది. మేమందరం తలలెత్తి చూశాం, మళ్ళీ దించుకున్నాం. సాయంత్రం చాచా వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడి, తాళం వేసే ముందు ఎవరిని అడిగారని హిందీలో అడిగింది. నిజంగా తెలుసుకోవాలన్నట్టే, మామూలుగా అడిగింది. చాచాకి అర్థం కాలేదు. ఇల్లు నాది, సరుకు నాది, తాళం నాది, నేనెవరిని అడగాలి అన్నాడు. ఆమె తల ఊపి కూచుంది. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

మర్నాడు పొద్దున్న అప్ప గేటు లోపలికి రాలేదు. తన స్టూలు బయటికి తెచ్చుకుని, మెట్ల మీద మలుపు దగ్గర వేసుకుని కూచుంది. మెషిను పని చెయ్యడానికి లేదు కాబట్టి గుండీలు కుట్టే పని అడిగి తీసుకుంది. తాళం వేసుకోండి, నేను బయట ఉన్నాను, నా పని ఆగదు అంది. కాపలావాడు ఏం చెయ్యాలో తెలియక తాళం వేసి ఆమె పక్కనే నిలబడ్డాడు. అతన్ని కూడా టీలో పంచదార ఎంతని అడిగింది.

మెట్ల మీద వాన జల్లు కొట్టేది. ఒళ్ళో గుడ్డ తడవకుండా పిన్నీసులతో పాలిథిన్ కాయితం చీరకి తగిలించుకుని కుట్టేది. ఆ రోజు ఇంటికి వెళ్తూ బస్సులో నేను అడిగాను, పని పోతుందేమో అప్పా అని.

“పోతే పోతాది,” అంది. “ఈ తలుపు కాడ నా కాళ్ళు ఒనుకుతన్నాయి, ఒలే. ధైర్యం అనుకుంతన్నావేటి? నోపల కూకోనేను, అంతే.”

నాకు ఆ మాట చాలా రోజులు గుర్తుంది. మర్నాడు నేనూ నా స్టూలు తీసుకుని బయటికి వెళ్ళాను. నా పక్కన గుండీల అమ్మాయి వచ్చి కూచుంది. తర్వాత జిప్పులు వేసే ఆవిడ. ఆ వారం గడిచేసరికి మెట్ల మలుపు నిండిపోయి, మేము కింది మెట్ల మీదికి దిగాం. చివరికి కటింగ్ మాస్టరు కూడా, కత్తెర పట్టుకుని బల్ల లేకుండా ఏం చేస్తాడో తెలియకపోయినా, వచ్చి రెయిలింగుకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరమూ నినాదాలిచ్చిందీ లేదు, చేత్తో కుట్టగలిగిన పని మానిందీ లేదు. రెండో అంతస్తులో ఉండే కుటుంబాలవాళ్ళకి మాత్రం ఇంట్లోకి వెళ్ళే దారి లేకుండా పోయింది. బకెట్లు పట్టుకుని మా మోకాళ్ళ మధ్య నుంచి నడిచేవారు. వాళ్ళంతా కలిసి చాచా ఇంటికి వెళ్ళి గోలపెట్టారు.

చాచా వచ్చాడు. పైకి రావడానికి ఆయనకీ దారి లేదు. కింది మెట్టు మీదే నిలబడి, పైన మలుపులో ఉన్న అప్పతో మాట్లాడాడు. నీకు తాళం తీసెయ్యాలి, అంతేనా అన్నాడు.

“తాళం ఉంచుకోండి,” అంది అప్ప. “చెవి లోపల ఉండాలి. లోపలున్నవాళ్ళ చేతిలో ఉండాలి.”

“మళ్ళీ సరుకు పోతే?”

“మేం చూసుకుంటాం. గేటు దగ్గర రోజూ మాలోనే ఇద్దరు కూచుంటారు. పోతే మమ్మల్ని అడగండి. ఇన్నాళ్ళూ కాపలావాణ్ణి అడిగారు, అతను మాత్రం ఏం చెప్పగలిగాడు?”

చాచా వెనక్కి తిరిగి చూశాడు. రెండో అంతస్తు ముసలావిడ బకెట్టుతో ఆయన వెనకే నిలబడి ఉంది. సరే చూద్దాం అన్నాడు చివరికి. మేము స్టూళ్ళు ఎత్తుకుని లోపలికి వెళ్ళాం. తాళంచెవిని గేటు పక్క గోడకి మేకు కొట్టి అప్పే తగిలించింది.

దాని వెనక వచ్చినదేదీ మేము అనుకుని చేసింది కాదు. గేటు దగ్గర ఎవరు కూచోవాలో ప్రతి సోమవారం తేల్చుకోవాల్సి వచ్చేది. దానికి అందరం ఒకచోట కూచోవాల్సి వచ్చేది. కూచున్నాక వేరే ఊసులు రాకుండా ఉండవు. ఇస్త్రీ బల్ల కిటికీ దగ్గరికి జరిపితే వేడి తగ్గుతుందని ఒకరన్నారు. రంజాను నెలలో ఉపవాసాలవాళ్ళకి, దుర్గాపూజ రోజుల్లో మిగిలినవాళ్ళకి సెలవులు ఎలా సర్దుకోవాలో మేమే మాట్లాడుకున్నాం. మొదట్లో చాచా ఈ కూటాలు చూసి ముఖం చిట్లించేవాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడి వినేవాడు. ఇంకా తర్వాత ఒక స్టూలు లాక్కుని కూచునేవాడు.

ఆ రోజుల్లోనే అప్ప ఓడిపోయింది. కటింగ్ మాస్టరు ఒక సోమవారం కొత్త మాట ఎత్తాడు. మన సరుకు కొనే బుర్రాబజారు షావుకారు దగ్గర చాచా ఎంత సరుకు ఒప్పుకుంటున్నాడో, ఎప్పటికి ఇస్తానంటున్నాడో ముందుగా మనకి చెప్పాలి, బేరానికి మనలో ఇద్దరు కూడా వెళ్ళాలి అన్నాడు. అప్ప అడ్డు చెప్పింది. తలుపు, గాలి, వెలుతురు, పని గంటలు మన ఒంటి మీదికి వచ్చేవి, వాటి గురించి మనం మాట్లాడాలి. బేరం ఆయనది, దాని దిగులు కూడా ఆయనదే, అందులో వేలు పెడితే ఆ దిగులు కూడా మనం మొయ్యాలి అంది. మాస్టరు నెమ్మదస్తుడు. గొంతు పెంచకుండానే, బేరం చెడితే ఇంటికి పంపేది ఎవరినప్పా అని అడిగాడు. దిగులు ఎలాగూ మొయ్యక తప్పనప్పుడు, కళ్ళు తెరిచి మొయ్యడమే మంచిది కదా అన్నాడు.

చేతులెత్తించారు. నేను మాస్టరు వైపే ఎత్తాను. దాదాపు అందరూ అటే ఎత్తారు. అప్ప అందరి చేతుల వంకా చూసి, గుడ్డ ముక్క తీసుకుని మెషిను తుడుచుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఏడాది పూజలకి ఒప్పుకున్న సరుకు అందించలేక చాచా మాట పోగొట్టుకుని ఉన్నాడు. అందుకని ఆయన కూడా రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు. మాస్టరుతో పాటు నన్ను వెళ్ళమన్నారు. ఆ సాయంత్రం బస్సులో అప్ప నా పక్కన కాకుండా వేరే సీట్లో కూచుంది. దిగే ముందు మాత్రం, షావుకారుతో మాట్లాడేటప్పుడు కూచుని మాట్లాడు, నిలబడకు అని చెప్పి దిగిపోయింది.

మంటలు లేచింది ఆ తర్వాతి పూజల ముందు, మధ్యాహ్నం వేళ. ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలి, పక్కనున్న నెట్టు గుడ్డకి అంటుకుంది. నెట్టు గుడ్డ నిప్పు పట్టడం చూసినవాళ్ళకే తెలుస్తుంది. మండటం కాదు, గాలిలో కరిగిపోతున్నట్టుంటుంది. నిమిషంలో గది పొగతో నల్లబడింది. ఎవరో మెయిన్ స్విచ్ ఆపారు. నాకు గుర్తున్నదల్లా గేటు ఈడ్చిన చప్పుడు. ఆ వేళ గేటు దగ్గర ఉన్నది గుండీల అమ్మాయీ, ఒక ముసలి దర్జీ. వాళ్ళు కేక వినకముందే చెవి అందుకుని గేటు బారుగా తెరిచేశారు. తోపులాట కాలేదు. అప్ప గేటు పక్కన గోడకి వీపు ఆన్చి నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ పంపించింది. వినపడనివాళ్ళని జబ్బ పట్టుకుని లాగింది. నన్ను మెడ మీద చెయ్యి వేసి తోసింది. చివర తను వచ్చింది.

సందులోకి వచ్చాక రోడ్డు మీదే కూచున్నాను. పైన కిటికీలోంచి పొగ వస్తోంది, ఎవరెవరో నీళ్ళు మోస్తున్నారు, మేమంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు తడుముకుంటున్నాం. జిప్పులావిడ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది, నవ్వు ఆగక వెక్కిళ్ళు వచ్చాయి. ఆమెని చూసి మేమూ నవ్వాం. మొహాలన్నీ మసి. ఇంట్లో పిల్లల్ని మళ్ళీ చూస్తాను అన్నది ఒక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

చాచా పరుగెత్తుకుంటూ వచ్చాడు. టోపీ ఎక్కడో పడిపోయింది. సరుకు గురించి అడుగుతాడనుకున్నాం. ఆయన పైకి చూడనే లేదు. మా మధ్య నడుస్తూ ఒక్కొక్కరి మొహం చూశాడు. అప్ప ముందు ఆగాడు.

“లోపల ఎవరైనా?”

“ఎవరూ లేరు. అందరం వచ్చేశాం.”

ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకోబోయి, పరాయి ఆడమనిషని గుర్తొచ్చి ఆగి, తన చేతులే ఒకదాన్నొకటి పట్టుకుని అరుగు మీద కూచుండిపోయాడు. అప్ప కూడా ఆయన పక్కనే కూచుంది. కాపలావాడు టీ తెచ్చి ఇస్తే తాగారు. పంచదార ఎంతని ఆ ఒక్కరోజు ఎవరూ ఎవరినీ అడగలేదు.

మనుషులం దక్కాం గాని పని దక్కేట్టు లేదు. మెషిన్లు సగం పాడయ్యాయి. పూజల సరుకు బూడిదైంది. గది అమ్మేసి కొడుకు దగ్గరికి పోతానన్నాడు చాచా. పక్క మేడ డాబా మీద అందరం కూచున్నాం. అప్పుడు మాస్టరు, షావుకారు మాకూ తెలిసినవాడే కదా, మేం వెళ్ళి మాట్లాడతాం, ఆయన గడువు ఇవ్వనంటే అప్పుడు అమ్ముకోండి అన్నాడు. ఇద్దరం వెళ్ళాం. నేను కూచునే మాట్లాడాను. షావుకారు ముందు తల అడ్డంగా ఊపాడు. అంతకుముందు ఏ సరుకు ఎన్నాళ్ళలో అవుతుందని మేము చెప్పామో, అన్నాళ్ళలోనే ఇచ్చిన సంగతి గుర్తు చేశాం. పూజల సరుకు ఎలాగూ పోయింది, చలికాలం సరుకు చేసివ్వండి అని ఒప్పుకున్నాడు. పక్క సందులో ఇంకో కార్ఖానా ఆయన తన గదిలో కొంత చోటిచ్చాడు. అద్దె మెషిన్లతో మొదలుపెట్టాం. చాచా గది అమ్మలేదు.

తిరిగి మా గదికి వచ్చిన మొదటి సోమవారం అప్ప లేచి నిలబడింది. హిందీలో మొదలుపెట్టి, మధ్యలో నా వంక చూసి తెలుగులోకి దిగింది.

“నాను తలుపు కాడే ఆగిపోనాను,” అంది. “మాస్టరు ఆగనేదు. ఆగిపోతే ఈయేళ మనం ఇక్కడుండం. ఆడికి సెప్పు.”

నేను చెప్పాను. మాస్టరు టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. మీరు గేటు తెరిపించకపోతే నేను బతికుండేవాణ్ణి కాదు కదా, ఇద్దరిలో ఎవరిది ఎక్కువని చూస్తాం అన్నాడు. అది నేను ఆమెకి చెప్పనక్కర్లేకపోయింది. చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కూచుంది.

ఆ తర్వాత ఆమెకి చూపు తగ్గింది. కుట్టు వంకర పోవడం ముందు ఆమే పట్టుకుంది. ఇంక పని చెయ్యలేను, చెల్లెలి దగ్గరికి పోతానని చెప్పింది. చాచా ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోలేదు. ఊరికే కూచో అప్పా, సోమవారాలు నీ మాట చెప్పు చాలు అన్నాం. ఆమె నవ్వి తల అడ్డంగా ఊపింది. పని చేసే చేతులున్నంతవరకే అక్కడ మాట్లాడాలి, కూచున్నవాళ్ళ మాట పని చేసేవాళ్ళ మీద పెత్తనం అవుతుంది, నేనూ ఇంకో చాచా అయిపోతాను అంది. చాచా అక్కడే ఉన్నాడు. ఆయన కూడా నవ్వాడు.

హౌరా స్టేషన్‌కి నేనే తీసుకెళ్ళాను. సామాను పెద్దగా లేదు. చెల్లెలి మనవరాలికి మేమంతా కలిసి కుట్టిన ఫ్రాకులు ఒక సంచీ, బట్టలు ఒక సంచీ. పగటి బండి. కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురు సీట్లో పలాస వెళ్ళే మొగుడూపెళ్ళాలు కూచుని ఉన్నారు. కాసేపు వాళ్ళతో ఊసులాడింది. నీళ్ళ సీసా కొనడానికి నేను ప్లాట్‌ఫారం మీదికి దిగాను.

తిరిగి వచ్చేసరికి నిద్రపోతోంది. కిటికీ ఊచలకి తల ఆన్చి, నోరు కొద్దిగా తెరిచి, చేతులు రెండూ ఒళ్ళో వదిలేసి. అన్నేళ్ళు పక్కపక్క మెషిన్ల మీద కూచున్నాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేమంతా గుడ్డల మూటల మీద ఒరిగి కునుకు తీసేవాళ్ళం; ఆమె మాత్రం మెట్లవైపు చూస్తూ మెలకువగా ఉండేది. ఆమె నిద్రపోగా నేను చూడటం అదే మొదటిసారి. వెళ్ళొస్తానని చెప్పడానికి లేపబోయి, ఆగిపోయాను. సోంపేట వచ్చే ముందు లేపండి అని ఎదురు సీటు వాళ్ళకి చెప్పాను. సీసా ఆమె పక్కన ఆనించి పెట్టి, చప్పుడు కాకుండా దిగాను. బండి కదిలింది. ఆమెకి మెలకువ రాలేదు.